నా బక్కీకి సరిపడ్డ టైర్లు

దక్షిణాఫ్రికాలో దిగిన మూడో వారంలో బండి కొన్నాను. తెల్ల రంగు, నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను, ముందు ఇరుక్కుంటే ముగ్గురు పట్టే పొడవాటి సీటు, వెనక సామాను వేసుకునే తొట్టి. అక్కడ అలాంటి బండిని బక్కీ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో తిండి సరిగా తినని పిల్లని బక్కి అంటారు. నేను దిగిన ఎస్ట్‌కోర్ట్ అనే చిన్న పట్నం బయట క్యాబేజీ పండించే ఒక రైతు దగ్గర కొన్న ఆ బండి కూడా అలాగే ఉండేది. ఎముక గట్టిది, ఒంట్లో కండ లేదు. టైర్లు మాత్రం పూర్తిగా బోడి. రైతు ఆ సంగతి దాచలేదు.

"ఇంజనుకి నాది పూచీ. టైర్ల సంగతి నువ్వే చూసుకోవాలి," అన్నాడు.

చలికాలమంతా ఆ బోడి టైర్లతోనే తిరిగాను. అక్కడ చలికాలంలో వాన పడదు. మట్టి రోడ్లు గట్టిగా, ఎర్రటి దుమ్ముతో ఉంటాయి. బండి ఎక్కడా ఆగలేదు కాబట్టి టైర్ల గురించి ఆలోచించే పని పడలేదు.

నా పని భూమిలో నీళ్లు వెతకడం. ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో పదేళ్లు బోరు పాయింట్లు పెట్టాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే పెద్దమనుషులతో పోటీ పడి, వాళ్లు చూపించిన చోట కాకుండా నేను చూపించిన చోట తవ్వించి, నీళ్లు చూపించి పేరు తెచ్చుకున్నదాన్ని. అందుకే నా లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ. దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసి అప్పటికి ఏడాది దాటింది. అంతవరకు పంపు మొహం చూడని కొండ ఊళ్లకు నీళ్లిచ్చే పని కొత్త ప్రభుత్వం మొదలుపెట్టింది. నాలాంటివాళ్లు కావాలన్నారు, వచ్చాను. భర్త, కూతురు ఆరు నెలల తర్వాత రావాలని అనుకున్నాం.

నాకు అప్పగించిన ఊళ్లలో ఒకటి ఎస్ట్‌కోర్ట్‌కి పడమటగా, కొండల్లో ఉండేది. మధ్యలో చిన్న వాగు, వాగుకు అటూ ఇటూ ఇళ్లు. అంతకు ముందు నాలుగైదేళ్లు అటువాళ్లకీ ఇటువాళ్లకీ పార్టీల పేరుతో పెద్ద గొడవలు జరిగాయి. నేను వెళ్లేసరికి గొడవలు తగ్గాయి గాని, పైకప్పులు కాలిపోయిన మట్టిగోడలు రెండు వైపులా ఇంకా నిలబడే ఉన్నాయి. నీళ్ల కమిటీకి పెద్దగా ఒక అరవై ఏళ్లావిడని ఎన్నుకున్నారు. అందరూ ఆవిణ్ని గోగో అనేవారు. అక్కడివాళ్ల జులూ భాషలో ఆ మాటకి నాయనమ్మ అని అర్థం. డర్బన్‌లో ఎవరి ఇళ్లలోనో ముప్ఫై ఏళ్లు వంట చేసి వచ్చిన మనిషి, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది. మొదటి రోజే నాతో చెప్పేసింది.

"బోరు ఆ పక్క వేస్తే ఈ పక్కవాళ్లు రారు. ఈ పక్క వేస్తే ఆ పక్కవాళ్లు రారు. ఎక్కడ వేస్తావో ఆలోచించి మరీ వెయ్యి."

"నీళ్లు ఎక్కడుంటే అక్కడే కదా వేసేది," అన్నాను.

"అయితే నీళ్లు మధ్యలో ఉండేటట్టు చూడు."

ఆ కొండల్లో నేల అడుగున నల్లరాయి గోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడకి ఆనుకుని పగిలిన రాతిలో నీళ్లు ఊరతాయి. నాలుగు రోజులు పరికరం భుజాన వేసుకుని నడిచి ఆ గోడ ఎటు పోతోందో గీత గీశాను. అది వాగు దాటి, గుట్ట ఎక్కి, రెండు వైపుల కాలిబాటలూ కలిసే చోటు మీదుగా పోయింది. అక్కడ మేకు దిగ్గొట్టి గోగోకి చూపించాను. ఆవిడ అటూ ఇటూ చూసి తల ఊపింది. చలికాలం చివర్లో డ్రిల్లింగ్ లారీ వచ్చి తవ్వితే అరవై మీటర్ల దగ్గర నీళ్లు తగిలాయి.

తర్వాత మిగిలింది పరీక్ష. చిన్న మోటారు దింపి, రోజంతా తోడి, నీళ్లు ఎంత తగ్గుతున్నాయో చూడాలి. అది తేలందే చేతిపంపు బిగించరు. జనరేటరు, మోటారు, పైపుల చుట్ట, ఇవన్నీ నా బక్కీలో పడతాయి. ఈలోగా వానలు మొదలయ్యాయి. గుట్ట మీదికి వెళ్లే రోడ్డు ఎర్ర బంకమట్టి. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి నడిపే డ్రిల్లింగ్ మేస్త్రీ నా బక్కీ వైపు ఒకసారి చూసి, "ఆ బొమ్మ బండితోనా ఎక్కేది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నమే టైర్ల షాపుకి వెళ్లాను.

షాపు ఎస్ట్‌కోర్ట్‌లో సందు చివర ఉండేది. బయట టైర్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. నేను బండి దిగి, ఇనుప టేపు తీసి, నేల నుంచి వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉబ్బి ఉండే గేరు పెట్టె వరకు ఎత్తు కొలుస్తూ కూర్చున్నాను. కొలిచేటప్పుడు పైకి లెక్కపెట్టడం నాకు అలవాటు.

"నువ్వు ఒకటి, రెండు అంటున్నావు," అని వెనక నుంచి తెలుగు వినిపించింది.

తిరిగి చూస్తే అరవై అయిదేళ్ల మనిషి, నీలం రంగు పని బట్టలు, చెవి మీద పెన్సిలు. షాపు ఆయనదే.

"మా మామ్మ కోడిగుడ్లు ఇలానే లెక్కెట్టేది," అన్నాడు. "నువ్వు ఇండియా నుంచి వచ్చినావా?"

అవునన్నాను. మీకు తెలుగెలా వచ్చని అడిగాను.

"కొంచెం వస్తది. దేముడి పాట వస్తది, కూర పేర్లు వస్తది, తిట్లు బాగా వస్తది," అని, మిగతాది ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ల మామ్మ చిన్నప్పుడు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చిందట, తల్లిదండ్రులు చెరకు తోటలో కూలికి సంతకం పెడితే. తండ్రి కూరగాయల బండి తోలుకుంటూ ఎస్ట్‌కోర్ట్ చేరాడు. ఇప్పుడు ఆయన కొడుకు డర్బన్‌లో రెడ్‌హిల్ అనే పేటలో, కూతురు అక్కడే ఖర్వాస్తాన్‌లో ఉన్నారు. ఇద్దరికీ తెలుగు రాదు. ఇంట్లో తెలుగు మాట వినపడి పన్నెండేళ్లయిందట, భార్య పోయిన దగ్గర నుంచి.

మిమ్మల్ని ఏమని పిలవాలని అడిగితే, "మావా అను. మా ఇంట్లో అదే," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు మావే.

నేను వచ్చిన పని చెప్పాను. నా బండికి కంపెనీ ఇచ్చిన సైజు నూట ఎనభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, పద్నాలుగు అంగుళాల రిమ్ము. నాకు కావలసింది అది కాదు. మేస్త్రీ బండికున్న సైజు ముందే రాసుకుని వెళ్లాను. వెడల్పు రెండు వందల ముప్ఫై అయిదు, రిమ్ము పదిహేను.

మావ నా బండి బానెట్ ఎత్తి ఇంజను చూశాడు. మళ్లీ దించాడు.

"ఇంజను సిన్నది అమ్మాయి. పెద్ద టైరు ఎట్టితే ఇంజను ఏడుస్తది."

"నేను లెక్క వేశాను మావా. పాత టైరు అడ్డుకొలత అరవై అయిదు సెంటీమీటర్లు. కొత్తది డెబ్భై మూడు. ఇరుసు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. దారి మధ్యలో రాళ్లు తగలవు. వెడల్పు ఎక్కువ, పట్టు ఎక్కువ."

"లెక్క రైటే. ఇంజను లెక్క ఏసినావా?"

వెయ్యలేదు. కాని ఒప్పుకోలేదు. టైరు పెద్దదైతే చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, అంటే అదే గేరులో ఇంజను ఎక్కువ బరువు లాగాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. పన్నెండు శాతమే కదా, ఫస్టు గేరులో నెమ్మదిగా పోతే సరిపోతుందనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే నా మనసులో మేస్త్రీ నవ్వు తిరుగుతోంది. పదేళ్లు మగవాళ్ల మధ్య ఫీల్డు పని చేసినదాన్ని, ఎవరైనా నా సరంజామా చిన్నదంటే నాకు పడదు.

మావ ఇంకోసారి చెప్పి చూశాడు. తర్వాత పాత రిమ్ములు, పదిహేను అంగుళాలవి వెతికి తీసి, నేను అడిగిన టైర్లే బిగించాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు మడ్‌గార్డుకి రాసుకుంది. అక్కడ రేకు కొంచెం మడిచి కొట్టాడు. నా పాత రిమ్ములు నాలుగూ షాపు వెనక్కి దొర్లించుకు పోయాడు.

బండి ఎత్తుగా, దర్జాగా తయారైంది. మెయిన్ రోడ్డు మీద నడుపుతుంటే నాకే గొప్పగా అనిపించింది. అద్దంలో వెనక బండ్లు కిందికి కనిపించాయి. ఆ గొప్ప నాలుగో రోజు వరకే.

నాలుగో రోజు ఊరి బయట, ఎనభై దాటకూడదన్న చోట, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన జులూ కుర్రవాడు, యూనిఫామ్ మడత నలగలేదు. తొంభైలో వస్తున్నారన్నాడు. నా ముల్లు ఎనభై మీదే ఉందన్నాను. మెషీను చూపించాడు. అప్పుడు నాకు వెలిగింది. టైరు పెద్దదైతే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. తప్పు నాది కాదని చెప్పాలన్న ఉత్సాహంతో టైరు చుట్టుకొలత, రిమ్ము మార్చడం, పన్నెండు శాతం తేడా, అన్నీ వివరించాను. అతను పుస్తకం మూసి, చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"అంటే మేడమ్, ముల్లు తక్కువ చూపిస్తుందని మీకు ముందే తెలుసు."

"లెక్క ప్రకారం తెలుసు."

"అయితే ఇంకొంచెం నెమ్మదిగా పోవాలని కూడా మీకు తెలుసు," అని పుస్తకం మళ్లీ తెరిచి చలానా రాసి ఇచ్చాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఓడించలేదు.

అదైనా చిన్న విషయం. అసలు దెబ్బ మరుసటి వారం గుట్ట మీద తగిలింది.

ముందు రోజు రాత్రి వాన పడి తెల్లారి తెరిపిచ్చింది. జనరేటరు, మోటారు, పైపులు వేసుకుని బయల్దేరాను. గుట్ట కింద గోగో ఎదురుచూస్తోంది, చేతిలో హ్యాండ్‌బ్యాగు, తలకి కొత్త గుడ్డ. ఆవిడ నా పక్కన కూర్చుంది. కమిటీలోంచి ఇద్దరు మగవాళ్లు, వాగుకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు, పైపులు పట్టుకోవడానికి వెనక ఎక్కారు. ఆ ఇద్దరూ తొట్టిలో చెరో మూలా మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే అలవాటు వాళ్లకి లేదని గోగో చెప్పింది.

మొదటి మలుపు వరకు బాగానే ఎక్కింది. రెండో మలుపు దాటాక రోడ్డు నిటారుగా లేచింది. ఫస్టు గేరులోనే ఉన్నాను. ఇంజను గొంతు మారింది, బండి వేగం తగ్గిపోయింది. ఆగిపోకుండా ఉండాలని క్లచ్ సగం తొక్కి ఇంజను లేపాను. కాలిన వాసన వచ్చింది. వెడల్పు టైర్లు బంకమట్టి మీద తేలాయి గాని కిందికి దిగి గట్టి నేలని పట్టుకోలేదు. వాటి గాళ్ల నిండా మట్టి పట్టి మళ్లీ బోడి టైర్లలాగే అయ్యాయి. ఇంజను ఒకసారి వణికి ఆగిపోయింది. బ్రేకు తొక్కినా బండి వెనక్కి జారడం మొదలైంది.

అద్దంలో ఏమీ కనిపించడం లేదు. స్టీరింగు ఎడమకి, కొండ వైపుకి తిప్పి పట్టుకున్నాను. కుడివైపు లోయ. గోగో ఒక చేత్తో తలుపు పట్టుకుని, "అలాగే పట్టుకో, అలాగే పట్టుకో," అంటోంది. వెనక ఉన్న ఇద్దరూ దూకేశారు. దూకి పారిపోలేదు. ఒకడు రాయి ఎత్తి ఒక చక్రం వెనక వేశాడు, రెండోవాడు ఇంకో రాయి రెండో చక్రం వెనక వేశాడు. ఒకడు ఏదో అరిస్తే రెండోవాడు జవాబు చెప్పాడు. బండి వెనక మూల కొండ పక్క కాలవలో దిగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

గోగో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బండి చుట్టూ తిరిగి చూసింది.

"నా బిడ్డా, ఈ బండికి దాని కాళ్ల కంటే పెద్ద చెప్పులు తొడిగావు," అంది. తర్వాత ఆ ఇద్దరి వైపు తిరిగి జులూలో ఏదో పురమాయించింది. ఇటువైపు మనిషికి ఎడ్ల జతలు ఉన్నాయి. అటువైపు మనిషి ఇంట్లో బలమైన గొలుసు ఉంది. గంటన్నరకి నాలుగు ఎడ్లు వచ్చాయి, గొలుసూ వచ్చింది. గొలుసు ఎక్కడ కట్టాలన్న దాని మీద ఆ ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. గోగో బండ మీద కూర్చుని ఆ వాదన ఆపకుండా విన్నది. నా వైపు చూసి, "మాట్లాడుకుంటున్నారు," అంది.

ఎడ్లు నా బక్కీని కాలవలోంచి లాగి కిందికి దించాయి. పరీక్ష ఆ రోజు జరగలేదు.

నాకు సిగ్గు వేసింది గాని అది ఎక్కువసేపు నిలవలేదు. లెక్క తప్పిందంటే ఎక్కడ తప్పిందో చూడాలి. కనిగిరిలో బోరు ఎండితే నేను ఇంట్లో కూర్చోలేదు, మళ్లీ పొలానికి వెళ్లి చూశాను. ఇక్కడా అదే చేశాను. ఆ గుట్ట రోజూ ఎక్కే బండ్లు ఏవి? మినీ బస్సు టాక్సీలు. పదిహేను మందిని ఎక్కించుకుని, వాన పడినా పడకపోయినా రోజుకి నాలుగుసార్లు ఎక్కుతాయి. వాటి ఇంజను నాదానికంటే పెద్దదేమీ కాదు. అయితే వాటి టైర్లు ఎంత?

మరునాడు పొద్దున్నే టాక్సీ స్టాండుకి వెళ్లి టేపు తీశాను. చీర కట్టుకున్న ఆడమనిషి టాక్సీల కింద దూరి టైర్లు కొలుస్తుంటే డ్రైవర్లంతా చుట్టూ చేరారు. మొదట నవ్వారు. ఎందుకో చెప్పాక ఎవరికి వాళ్లే వచ్చి తమ బండి దగ్గరికి పిలిచారు. పదకొండు బండ్లు చూశాను. తొమ్మిదింటికి ఒకటే సైజు. నూట తొంభై అయిదు వెడల్పు, రిమ్ము పద్నాలుగు, బరువు మోసే గట్టి రకం. నా గుట్ట దారిలో తిరిగే డ్రైవరు ఒకతను అన్నాడు:

"వెడల్పు టైరు మట్టి మీద పడుకుంటుంది. సన్నది మట్టిని కోసుకుని కిందికి పోతుంది. కింద గట్టి నేల ఉంది, దాన్ని పట్టుకోవాలి. గుట్ట కింద కొంచెం గాలి తీసెయ్యి. ఆపకు. ఆపావంటే ఇక నువ్వు నడవాలి."

"మీకు జనం బరువు ఉంటుంది కదా. నా తొట్టి ఖాళీగా ఉంటే?"

"రెండు ఇసుక బస్తాలు వెయ్యి. సరిగ్గా వెనక ఇరుసు మీద వెయ్యి, తొట్టి తలుపు దగ్గర కాదు."

కాగితం మీద అంతా రాసుకుని మావ షాపుకి వెళ్లాను. బండి చూడగానే ఆయనకి అర్థమైంది. మడ్‌గార్డు లోపల ఇంకా ఎర్ర మట్టి ఉంది. వెనక మూల సొట్ట పడింది.

"ఎవరికైనా దెబ్బ?"

"లేదు మావా."

అది విన్నాక తిట్టడం మొదలుపెట్టాడు. అచ్చమైన తెలుగులో తిట్టాడు. "మొండి ముండ, చెప్తే ఇనవు, సదువుకున్న గాడిద," ఇలా సాగింది. తలుపు దగ్గర నిలబడి విన్నాను. మా అమ్మమ్మ పోయాక నన్నెవరూ అలా తిట్టలేదు. ఆయన ఆగాక, "అయిపోయిందా?" అన్నాను.

"అయిపోయింది. ఇంక నాకు రాదు. మామ్మ ఇంకా చానా తిట్టేది, మర్సిపోయినాను."

ఇద్దరం నవ్వాం. తర్వాత కాగితం బల్ల మీద పరిచాను. ఆయన కంపెనీ సైజే పెట్టమన్నాడు, నూట ఎనభై అయిదు. నేను నూట తొంభై అయిదు అన్నాను. ఈసారి ఇంజను లెక్క కూడా వేసి తెచ్చాను. అడ్డుకొలత పెరిగేది ఒకటిన్నర సెంటీమీటరు. ఇంజను మీద భారం రెండు శాతం, రెండున్నర శాతం. స్పీడోమీటరు తేడా అంతే. మడ్‌గార్డుకి తగలదు. బరువు ఎక్కువ మోస్తుంది. ఇరుసు లేచేది ఒక సెంటీమీటరు కంటే తక్కువే, కాని ఇప్పుడు నాకు ఎత్తుతో పని లేదు, పట్టుతో పని.

మావ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె మీద పెన్సిలు పెట్టి చదివాడు. టాక్సీల జాబితా రెండుసార్లు చూశాడు.

"తొమ్మిది టాక్సీ?"

"పదకొండులో తొమ్మిది."

"యా. ఇది రైటు. నేను తప్పు, నువ్వు రైటు," అన్నాడు. అప్పుడే వెనక్కి వెళ్లి నా పద్నాలుగు అంగుళాల రిమ్ములు నాలుగూ తీసుకొచ్చాడు. ఎవరికీ అమ్మలేదు. తుప్పు గీకి రంగు కూడా వేసి ఉంచాడు. నేను వాటి వైపు చూస్తుంటే, "నువ్వు మళ్లీ వస్తావని నాకు తెల్సు," అని జాకీ అందుకున్నాడు.

బిగించడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ, తనూ వస్తానన్నాడు. టైర్లు ఎక్కుతాయో లేదో కళ్లతో చూడాలట. వాళ్ల నాన్న కూరగాయల బండితో ఆ కొండల్లో తిరిగేవాడని, చిన్నప్పుడు తనూ వెళ్లేవాడని, గొడవలు మొదలయ్యాక మాత్రం ఆ వైపు అడుగు పెట్టలేదని చెప్పాడు.

వెళ్లిన రోజు కూడా నేల తడిగానే ఉంది. గుట్ట కింద ఆగి నాలుగు టైర్లలో గాలి కొంచెం తీశాను. రెండు ఇసుక బస్తాలు ఇరుసు మీద ఉన్నాయి. గోగో వచ్చి మావని ఎగాదిగా చూసింది. మావ జులూలో పలకరించాడు. ఆయన జులూ ఆయన తెలుగుకంటే ఎంతో మేలు. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. ఆ ఇద్దరు మగవాళ్లు వెనక ఎక్కారు. ఈసారి ఇద్దరూ ఒకే వైపు, పైపుల చుట్టకి ఆనుకుని కూర్చున్నారు.

మొదటి మలుపు, రెండో మలుపు. నిటారు రోడ్డు రాగానే ఫస్టు గేరు వేసి కాలు కదపకుండా పట్టుకున్నాను. టైర్లు మట్టిలోకి కొంచెం దిగడం నా నడుముకి తెలిసింది. దిగి, అక్కడ పట్టు దొరికింది. ఇంజను గొంతు మారలేదు. పోయినసారి జారిన చోటు దాటాం. కాలవలో బండి దిగిన గుర్తు ఇంకా అలాగే ఉంది. మావ ఇంజను వింటున్నాడు. గోగో రోడ్డు చూస్తోంది. గుట్ట పైకి వచ్చి బండి ఆపేసరికి నా జాకెట్ వీపు తడిసిపోయింది.

మావ దిగి, వంగి, నాలుగు టైర్లూ చూశాడు. "ఇంజను ఏడవలా," అన్నాడు.

తొమ్మిదింటికి మోటారు దింపి జనరేటరు వేశాను. మొదటి అరగంట ఎర్ర నీళ్లు, తర్వాత బూడిద రంగు, తర్వాత తేటగా. బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కమిటీ మనుషులిద్దరిలో ఒకతను గడియారం చూసి చెబితే, రెండో అతను నా పుస్తకంలో రాశాడు. నేను బోరులోకి తీగ దించి నీటి మట్టం చూస్తూ ఉన్నాను. మట్టం మొదట కిందికి పోయింది, మధ్యాహ్నానికి ఒకచోట నిలబడిపోయింది. ఇక ఎంత తోడినా కదల్లేదు. నేను పెట్టిన పాయింటు నిలిచింది. అది తెలిసిన క్షణంలో నాకు కలిగిన ధీమా ఏ ఊళ్లోనైనా ఒకటే.

అప్పటికి రెండు వైపుల నుంచీ ఆడవాళ్లు బిందెలతో, ప్లాస్టిక్ డబ్బాలతో గుట్ట ఎక్కి వచ్చారు. గోగో అటుపక్క ఒకరిని, ఇటుపక్క ఒకరిని వరుసగా పిలిచి పట్టించింది. మావ దోసిలి పట్టి తాగాడు. గోగో పక్కన బండ మీద కూర్చుని ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత నాకు చెప్పాడు. కూరగాయల బండి మీద వంకాయలు, కొత్తిమీర తెచ్చే ఒక ఇండియా మనిషి ఆవిడ చిన్నప్పుడు వచ్చేవాడట. ఆయన గుర్రం ఒక కన్నుది అట. మావ వాళ్ల నాన్న గుర్రానికి ఒక కన్నే ఉండేదట.

"దీన్ని తెలుగులో ఏటంటారు?" అని బోరు వైపు చూపించాడు మావ.

"బోరే అంటాం మావా."

"అది ఇంగ్లీషు. మామ్మ ఇంకోటి అనేది. తాడు ఏసి తోడేది." కాసేపు నేల వైపు చూస్తూ పెదాలు కదిపాడు. "నుయ్యి," అన్నాడు. "నుయ్యి." మాట సరిగ్గా వచ్చిందో లేదో అన్నట్టు నా వైపు చూశాడు. సరిగ్గానే ఉందన్నాను.

సాయంత్రం నాలుగింటికి మోటారు ఆపి సామాను సర్దాను. కిందికి వెళ్లేవాళ్లు బండి చుట్టూ మూగారు. ఎంతమంది ఎక్కవచ్చని గోగో అడిగింది. టైర్ల మీద రాసి ఉన్న బరువు, సామాను బరువు లెక్క చూసి, ఆరుగురు, అంతకంటే వద్దన్నాను. ఆవిడ ముగ్గురిని అటుపక్క నుంచి, ముగ్గురిని ఇటుపక్క నుంచి ఎంచి ఎక్కించింది, అందరూ ముసలివాళ్లే. నిండు బిందెలు ఒళ్లో పెట్టుకున్నారు. ఫస్టు గేరు వేసి, బ్రేకు తొక్కకుండా, ఇంజను పట్టు మీదే గుట్ట దింపాను. వాగు దగ్గర ఆగి చూస్తే బిందెల్లో నీళ్లు చాలావరకు అలాగే ఉన్నాయి.